ఇంటి బడి పెట్టే ముందు మీ అత్తగారి మాట వినండి

ఒక తల్లి రాసి అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది కడప టౌన్‌లో, భర్త కువైట్‌లో. బాబుకి ఆరేళ్లు, పాపకి నాలుగు. బాబు ఒకటో తరగతిలో చేరి మూడు నెలలైంది. పొద్దున లేస్తూనే కడుపునొప్పి అంటాడు, రాత్రి తొమ్మిదైనా హోంవర్క్ తెగదు. ఇద్దరినీ ఇంట్లోనే చదివించాలని, విశ్వాసం కూడా ఇంట్లోనే గట్టిగా నేర్పాలని ఆ తల్లి కోరిక. చట్టం ఒప్పుకుంటుందా, పదో తరగతి ఎట్లా, మొదటి సత్ప్రసాదం (పూజలో అప్పం మొదటిసారి అందుకోవడం) ఎట్లా, ఇంగ్లీషు ఏమైపోతుంది, విచారణ గురువుగారు (మన గుడి ఫాదర్) ఏమంటారు, ఇవీ సందేహాలు. వీటన్నిటికీ మించి, మాట చెవిన పడినప్పటి నుంచి అత్తగారు సరిగ్గా అన్నం తినడం లేదు.

చెల్లీ, నేనూ కడపలోనే ఉంటాను. ఏడేళ్లు ప్రైమరీ టీచర్‌గా చేశాను. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి మొదటి నుంచి చివరిదాకా ఇంట్లోనే చదివి ఓపెన్ స్కూల్లో పది రాసింది, ఇప్పుడు ఇంటర్. రెండోవాడు ఆరో తరగతికి తనే అడిగి బడికి పోయాడు, హాయిగా ఉన్నాడు. మూడోది ఇంకా నా కొంగు పట్టుకునే తిరుగుతోంది. కాబట్టి ఇంటి చదువే గొప్పదనీ చెప్పను, బడే గొప్పదనీ చెప్పను. మీరు పాఠాల గురించి చాలా భయపడుతున్నారు. అది ఈ మొత్తంలో తేలికైన పని. మీ అత్తగారి విషయాన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అత్తగారి నాయన చిన్నతనంలో ఊరి బడి అరుగు మీదకి రానిచ్చేవాళ్లు కాదంట. ఫాదర్లు నడిపిన బోర్డింగ్‌లో చేరి నాలుగు అక్షరాలు నేర్చుకుని ఉపదేశి అయ్యాడు. ఊళ్లో ఉత్తరం వస్తే చదివి పెట్టేదీ ఆయనే, ఆదివారం గురువుగారు రాకపోతే జనాన్ని కూర్చోబెట్టి జపాలు చెప్పించేదీ ఆయనే. నేను ఇంటి చదువు మాట ఎత్తగానే ఆమె ఒకటే అనింది. "బడిలోకి పోయేదానికి మా నాయన ఎన్ని మాటలు పడినాడో నీకేం తెలుసు మే. నువ్వొచ్చి బడి మాన్పిస్తానంటావా?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. ముసలామెకి ఏం తెలుసు అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె మాటే నిజం అనిపిస్తుంది. రాయలసీమలో మన కథోలిక కుటుంబాల్లో చాలావాటికి బడి అంటే ఒక తలుపు. దాన్ని తెరిపించడానికి రెండు తరాలు పట్టింది. అమెరికాలోనో బెంగళూరులోనో ఇంటి బడి అంటే జనం వింతగా చూస్తారేమో, మన ఇళ్లలో మాత్రం పిల్లాడిని బడి నుంచి తీస్తున్నామంటే పెద్దవాళ్లకి వినిపించేది "మళ్లీ గొడ్ల వెంట పంపుతారా" అని. పైగా ఊరంతా కాన్వెంట్ సీటు కోసం క్యూ కడుతుంటే, సిస్టర్లని పేరు పెట్టి పలకరించే ఇంట్లో పిల్లాడు బడి మానేశాడంటే బంధువులకి మతి పోతుంది.

అందుకని వాదించకండి. ఇంటర్నెట్‌లో దొరికినవి చదివి వినిపించకండి. ఆమె భయానికి జవాబు ఒకటే, పిల్లాడు చదవడం ఆమె చెవులారా వినాలి. మా పెద్దది ఆరున్నర ఏళ్లప్పుడు, శనివారం రాత్రి జపమాల అయ్యాక, మరుసటి రోజు పూజలో వచ్చే సువిశేషం (సువార్త) లో నాలుగు వాక్యాలు కూడబలుక్కుని వాళ్ల జేజికి చదివి వినిపించేది. ఆమెకి చదువు రాదు. మొదటి వారం ఏమీ అనలేదు. మూడో వారం అనుకుంటా, "ఆ మాట మళ్లీ చదువు, మింగేసినావు" అనింది. అంతే, ఆ తర్వాత ఎవరొచ్చి ఏమడిగినా జవాబు ఆమే చెప్పేది, నేను నోరు విప్పాల్సిన పని రాలేదు.

ఇక ఇంటి చదువు ఎవరికి వద్దో ముందే చెప్పేస్తాను. ఒక టీచర్ మీద కోపంతో అయితే వద్దు, సెక్షన్ మార్చమని అడగండి, లేదా బడి మార్చండి. ఫీజు కట్టలేక అయితే మునిసిపల్ స్కూలు ఉంది, సిగ్గు పడాల్సిన పని లేదు. పక్క మతాల పిల్లలతో కలిస్తే విశ్వాసం పోతుందని భయంతో అయితే అసలే వద్దు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్లి మొక్కే ఊరు మనది, అమీన్ పీర్ దర్గాకి అన్ని మతాలవాళ్లూ పోయే ఊరు. ఇక్కడ పెరిగే బిడ్డని నలుగురికి దూరంగా దాచి విశ్వాసం నేర్పాలంటే కుదరదు. ఇంకొకటి, ఇది మొహమాటం లేకుండా అడుగుతున్నా. భర్త దూరంగా ఉన్నారు, ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో పెద్దామె అలిగి ఉంది. మీకు నిద్ర సరిగా పడుతోందా? లేకపోతే ముందు ఆ సంగతి చూసుకోండి. బాబు కడుపునొప్పికి కూడా ఒకసారి డాక్టర్‌కి, కళ్ల డాక్టర్‌కి చూపించండి. బోర్డు కనపడక బడంటే భయపడిన పిల్లల్ని నా క్లాసులోనే ఇద్దరిని చూశాను.

చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఉచిత, నిర్బంధ విద్య. ఇంట్లో చదివించుకోవచ్చు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు, చదివించకూడదు అనీ లేదు. పదో సెక్షన్ మాత్రం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని అందులో రాయలేదు. మన దేశంలో ఇంటి చదువులు నడిచేది ఈ సందులోనే. తెలిసే దిగండి. ఇదే చట్టంలో నాలుగో సెక్షన్ మనకి పెద్ద ధైర్యం. మధ్యలో ఎప్పుడు బడికి పోవాలన్నా వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలి. గవర్నమెంట్ బడి తలుపు మూసుకుపోదు. ప్రైవేటు బడులు మాత్రం ఏదో ఒక పరీక్ష పెట్టకుండా వదలవు, పెట్టకూడదని చట్టంలో ఉన్నా సరే.

బడి బయటి పిల్లల సర్వే అని సచివాలయం నుంచో దగ్గరి బడి నుంచో వస్తారు. దాక్కోకండి. కుర్చీ వేసి, పిల్లాడి నోట్సులు చూపించండి. నేను నెలకో నోట్‌బుక్ పెట్టి, పైన తేదీ వేసి, ఆ నెల రాసినవన్నీ అందులోనే ఉంచేదాన్ని. వచ్చినవాళ్లు తిరగేసి చూసి, మజ్జిగ తాగి పోయేవాళ్లు. డబ్బు లెక్క కూడా వేసుకోండి. తల్లికి వందనం పథకం కింద బిడ్డకి 15,000 రూపాయలు, బడి నిర్వహణకి 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి కదా, అది బడిలో 75 శాతం హాజరు ఉన్నవాళ్లకే. ఇంట్లో చదివితే రాదు. ఇద్దరు పిల్లలంటే చిన్న మొత్తం కాదు. బాబుకి ఐదు దాటింది కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు అప్‌డేట్ చేయించారో లేదో చూసుకోండి. జ్ఞానస్నానం పేరొకటి, ఆధార్ పేరొకటి, ఇంట్లో పిలిచేదొకటి ఉంటుంది మనకి. రికార్డులన్నిటిలో ఒకటే పేరు, ఒకటే స్పెల్లింగ్ ఉండేలా ఇప్పుడే సరిచేయించండి. పదేళ్ల తర్వాత తిరగలేరు.

ఫాదర్‌గారు ఏమంటారు అని అడిగారు. "మన సిస్టర్ల స్కూలు ఉండగా ఇదేంటమ్మా" అంటారు, ఇంకేమంటారు. నన్నూ అదే అడిగారు. కథోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో విద్య మీద ఇచ్చిన ప్రకటనలోనే తల్లిదండ్రులే బిడ్డలకి మొదటి గురువులు, ముఖ్యమైన గురువులు అని ఉంది. కథోలిక సత్యోపదేశ గ్రంథం 2223వ పేరా కూడా ఆ బాధ్యత ముందు మనదే అంటుంది. అయితే మనకి కావలసిన వాక్యం ఒక్కటే పట్టుకుపోయి చూపించొద్దు. అదే ప్రకటన కథోలిక బడులని ఎంతో మెచ్చుకుంటుంది. శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 798 అయితే, విశ్వాసం నేర్పే బడికి పంపండి, పంపలేకపోతే బడి బయటైనా ఆ విద్య అందేలా చూసుకోండి అంటుంది. మీరు ఆ రెండో దాంట్లోకి వస్తారు. వాదనకి కాకుండా సహాయం అడగడానికి వెళ్లండి. "ఆదివారం సత్యోపదేశం క్లాసుకి క్రమం తప్పకుండా పంపుతాను, మిగతా రోజుల్లో ఏం చెప్పమంటారో చెప్పండి ఫాదర్" అంటే ఆయన మొహమే మారిపోతుంది. చిన్న తెరేసమ్మ గుర్తుందా, మదర్ తెరేసా కాదు, ఫ్రాన్స్ పునీతురాలు, ఎనిమిదిన్నర ఏళ్లదాకా ఇంట్లో అక్కల దగ్గరే చదువుకుంది, తర్వాత బడికి పంపితే అక్కడ సంతోషంగా ఉండలేకపోయింది. మా గురువుగారికి ఆ మాట గుర్తు చేస్తే నవ్వి, "మీ పాప తెరేసమ్మ అయితే చూద్దాం" అన్నారు.

ఇప్పుడు పాఠాలు. నేను చేసిన తప్పు ముందు చెప్పాలి. మొదటి జూన్‌లో గోడకి టైంటేబుల్ అంటించాను. తొమ్మిదికి ప్రార్థన, తొమ్మిదింబావుకి తెలుగు, పదికి లెక్కలు. వర్క్‌బుక్కులకే నాలుగు వేలు తగలేశాను. చేతిలో స్కేలు కూడా ఉండేది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, రెండుసార్లు వాడాను కూడా. ఒకరోజు సాయంత్రం నాలుగైంది. పాప వంటింట్లో వాళ్ల జేజి దగ్గరకి పోయి చిన్నగా అడుగుతోంది, "ఈ టీచర్ ఇంటికి ఎప్పుడు పోతుంది?" అని. ఆ రాత్రి టైంటేబుల్ పీకేశాను. స్కేలు గీతలు గీయడానికే మిగిలింది.

నాలుగేళ్ల పాపకి కూర్చోబెట్టి చెప్పే పాఠం ఒక్క నిమిషం కూడా వద్దు. కథలు, పాటలు, బియ్యం ఏరడం, ఉల్లిపాయల్లో చిన్నవి పెద్దవి వేరు చేయడం చాలు. ఆరేళ్ల బాబుకి రోజుకి గంట, మహా అయితే గంటన్నర, అదీ రెండు ముక్కలుగా. బడిలో నలభై మందిని కూర్చోబెట్టి, హాజరు వేసి, అల్లరి ఆపి, అందరి నోట్సులు దిద్దేసరికి ఒక్క పిల్లాడికి నిజంగా దక్కే సమయం ఎంతో ఆ పని చేసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. మన ఎండలకి పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపే అయిపోవాలి. మేలో మధ్యాహ్నం కూర్చోబెడితే మీరూ ఏడుస్తారు, వాడూ ఏడుస్తాడు.

పలక కొనకండి. మీ ఇంట్లో నేల కడప బండలే కదా? దానికన్నా మంచి పలక ప్రపంచంలో లేదు. నల్లటి బండ మీద సుద్దముక్కతో ఒక్కో బండకి ఒక్కో అక్షరం రాసి పెట్టండి. నేను "గ" అంటే గ ఉన్న బండ మీదకి దూకాలి. తర్వాత "గ", "డ", "ప" వరసగా దూకితే గడప అవుతుంది. మా రెండోవాడు కూర్చుని రాయడానికి మొండికేసేవాడు, దూకుతూ దూకుతూ నెలలో ముప్పై అక్షరాలు పట్టేశాడు. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్త పలక.

అ నుంచి ఱ దాకా మొత్తం బట్టీ పట్టాకే పదాలు అనుకోకండి. పది పన్నెండు హల్లులు తలకట్టుతో వస్తే చాలు, పలక, వల, పడవ, గడప చదివేస్తారు. మన ఊరి పేరు చూడండి. క, డ, ప. మూడూ తలకట్లే. మా పెద్దది జీవితంలో మొదట చదివిన మాట పుస్తకంలోది కాదు, బస్సు బోర్డు మీది "కడప". ఆ రోజు నుంచి బస్టాండే మా వాచకం. సాయంత్రం అరగంట బెంచీ మీద కూర్చునేవాళ్లం. రాజంపేట అంటే దీర్ఘం, సున్న, ఏత్వం. పులివెందుల అంటే కొమ్ము, గుడి, ఎత్వం. మైదుకూరుకి ఐత్వం, కొమ్ము దీర్ఘం. జమ్మలమడుగు దగ్గర మొదటి ఒత్తు. బద్వేలు దగ్గర ద కింద వ. ప్రొద్దుటూరు చదివిన రోజు పాయసం చేశాను, క్రావడి, ఒత్వం, ద ఒత్తు అన్నీ ఒకేచోట కదా. పదేళ్లు టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లు కూడా ఇంత వరసగా పాఠాలు పేర్చలేరు. (కండక్టర్లు మాత్రం "ఎక్కుతారా లేదా అమ్మా" అని విసుక్కునేవాళ్లు.)

ఒక జాగ్రత్త. కథోలిక ఇళ్లలో పిల్లలకి జపాలు నోటికి వచ్చేస్తాయి. మా రెండోవాడు ఐదేళ్లప్పుడు జపాల పుస్తకం పట్టుకుని "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ" అని వేలు పెట్టి గడగడా చదువుతుంటే చుట్టాలంతా మురిసిపోయారు. దగ్గరికెళ్లి చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. నోటికి రావడం చదవడం కాదు. అయినా ఆ జపాలే మంచి మెట్టు. ఒక వాక్యాన్ని అట్ట ముక్కల మీద మాట మాటగా రాసి, కలిపేసి, వరసగా పెట్టమనండి. అప్పుడు కన్ను నిజంగా పని చేస్తుంది.

లెక్కలకి జపమాల తీయండి. అగౌరవం ఏమీ కాదు, జపం అయ్యాకే. మంగళవార్త జపం పూసలు ఐదు పదులు, పైన మూడు, మొత్తం 53. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనిది వేళ్ల మధ్య ఎక్కేస్తుంది. పరలోక జపానికి పెద్ద పూసలు ఆరు, కలిపితే 59. "ఇంకా ఎన్ని పూసలు ఉంటే 60 అవుతుంది" అంటే మా పాప చాలాసేపు చూసి, "ఒకటి తెగి పడిపోయింది" అనింది. దేవరహస్యాలు (జపమాల చెబుతూ తలచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు) నాలుగు రకాలు, ఒక్కో రకంలో ఐదు, మొత్తం ఇరవై. వెలుగు దేవరహస్యాలు 2002లో రెండో జాన్ పాల్ పోపుగారు చేర్చారు, అంతకుముందు పదిహేనే, మీ అత్తగారిని అడగండి చెబుతుంది. సోమవారం, శనివారం సంతోషం. మంగళ, శుక్ర దుఃఖం. బుధ, ఆదివారాలు మహిమ. గురువారం వెలుగు. వారాల పేర్లు మేం విడిగా నేర్పనేలేదు.

పూజా సంవత్సరం మొత్తం ఒక సిలబస్సే. పాపకి రంగులు గురువుగారి పూజ వస్త్రాల నుంచి రానివ్వండి. మామూలు కాలంలో పచ్చ, క్రిస్మస్ ముందు ఆగమన కాలంలో, ఈస్టర్ ముందు తపస్సు కాలంలో ఊదా, పండుగలకి తెలుపు, మట్టల ఆదివారం ఎరుపు. మార్చి 25 మంగళవార్త పండుగ (యేసు పుడతాడని దేవదూత మరియమ్మకి చెప్పిన రోజు), డిసెంబరు 25 క్రిస్మస్, మధ్యలో ఎన్ని నెలలో వేళ్ల మీద లెక్కపెట్టించండి, తొమ్మిది ఎందుకో వాడే అడుగుతాడు. నవంబరు 2 సమాధుల పండుగకి కొవ్వొత్తులతో పాటు ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. తాతల పేర్లు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రాసుకుని వస్తే తీసివేతలు, కుటుంబ చరిత్ర రెండూ అవుతాయి. మా పెద్దది మా అత్తగారి నాయన సమాధి మీద "ఉపదేశి" అన్న మాట చదివి, అంటే ఏంటని అడిగిన రోజు మా అత్తగారు రెండు గంటలు మాట్లాడింది. ఫ్రెంచి జెస్విట్ గురువులు 18వ శతాబ్దంలో ఈ సీమకి వచ్చిన నాటి నుంచి, గురువు ఎప్పుడో ఒకసారి కనపడే ఊళ్లలో విశ్వాసాన్ని నిలబెట్టింది ఈ ఉపదేశులూ, ఇళ్లలో ఆడవాళ్లూనే. మీరు చేయబోయేది ఏదో విదేశీ ఫ్యాషన్ అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

సత్యోపదేశంలో చిన్నపిల్లలకి విశ్వాస సంగ్రహం, దివ్యసంస్కారాలు, పది ఆజ్ఞలు, జపాలు, ఈ నాలుగు దారుల్లో కొంచెం కొంచెం చెబితే చాలు. మొదటి సత్ప్రసాదానికి మాత్రం ఇంట్లో విడిగా తయారు చేస్తాం అనకండి. ఏడేళ్లకి బిడ్డకి తెలివి వచ్చినట్టు శ్రీసభ లెక్కిస్తుంది, 1910లో పదో పయస్ పోపుగారు ఆ వయసునే ఖాయం చేశారు. సిద్ధం చేసే బాధ్యత ముందు తల్లిదండ్రులది, విచారణ గురువుది కూడా. తెల్ల గౌన్లు వేసుకుని అందరు పిల్లలతో పాటు వరసలో నిలబడాలి. ఆ వరసలో నిలబడడమే సగం పాఠం.

పుస్తకాల దగ్గర కొంచెం చూసుకోండి. తెలుగులో పిల్లల బైబిలు కథలు, పాటలు, యూట్యూబ్ వీడియోలు ఎక్కువ భాగం ప్రొటెస్టెంట్ సోదరులు చేసినవి. చాలా బాగుంటాయి, నేనూ వాడాను. కానీ మన పవిత్ర గ్రంథంలో 73 పుస్తకాలు, వాళ్లదాంట్లో 66. మా పెద్దదానికి తోబీతు కథంటే ప్రాణం. ప్రయాణంలో కుర్రాడి వెంట దేవదూత నడుస్తాడు, వాళ్ల వెనకాల కుక్క కూడా పోతుంది, నదిలో పెద్ద చేప దూకుతుంది. వేసవిలో పక్కింటివాళ్లతో వాళ్ల చర్చి సెలవుల క్లాసుకి పోయి ఈ కథ చెప్పింది. అక్కడి అక్క పాపం మంచిగానే, "ఈ కథ బైబిల్లో లేదు నాన్నా" అనింది. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు, కుక్క కథ అబద్ధమా అని. కూర్చోబెట్టి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి విషయసూచిక లెక్కపెట్టించాను. తేడా ఉందని తెలుసుకోవాలి, దానికోసం పక్కింటి స్నేహం పోగొట్టుకోనక్కర్లేదు.

ఇంగ్లీషు గురించి ఎక్కువ చెప్పను. తెలుగు చదవడం నిలదొక్కుకున్నాక ఇంగ్లీషు తొందరగా వస్తుంది. మన రాష్ట్రం పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండేలా వేశారు, ఇంటి చదువుకి అంతకన్నా అనువైనవి లేవు. రోజూ పడుకునే ముందు ఒక ఇంగ్లీషు కథ మీరే పైకి చదవండి. మీ ఉచ్చారణ గురించి సిగ్గుపడకండి.

మీవారిని పక్కన పెట్టకండి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ ఆరు. గోడకి రెండు గడియారాలు పెట్టి, ఒకటి నాన్న గడియారం అనండి. ఇంతకన్నా మంచి గడియారం పాఠం నేను చూడలేదు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు వీడియో కాల్‌లో వారమంతా రాసింది చూపించి, ఒక పేజీ నాన్నకి చదివి వినిపించాలి. ఆయనకి వాట్సాప్‌లో ఫొటో పెడితే సరిపోదు, వినాలి. పిల్లాడు తడబడితే ఓపిక పట్టమని ముందే చెప్పి పెట్టండి.

మనుషుల సంగతి మీరు అడగలేదు, కానీ నా పెద్దమ్మాయికి నేను లోటు చేసింది ఇక్కడే. చదువు బ్రహ్మాండంగా సాగింది, పదేళ్లు వచ్చేసరికి తన ఈడు స్నేహితులు ఇద్దరే. రెండోవాడు బడికి పోతానన్నప్పుడు నేను అడ్డు చెప్పకపోవడానికి కారణం అదే. అందుకని మొదటి రోజు నుంచే సాయంత్రం గంటసేపు వీధిలో ఆట తప్పనిసరి అనుకోండి. గుడిలో పిల్లల కోయిర్, క్రిస్మస్ నాటకం, ఏదీ వదలొద్దు. నెలకోసారి ఎక్కడికైనా పోండి. బ్రౌన్ లైబ్రరీ మన ఊళ్లోనే ఉంది. ఆ సి.పి. బ్రౌన్ దొర 1820లో కడపకి వచ్చి, ఇక్కడ ఉచిత బడులు పెట్టించి, వేమన పద్యాలు వెతికి అచ్చు వేయించాడని చెబితే పిల్లలు కళ్లింతలు చేసుకుంటారు. లంకమల వైపు పోతే కలివికోడి కథ చెప్పండి. ఇక లేదనుకున్న పక్షి 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనపడింది. మాకు ఎన్నిసార్లు పోయినా కనపడలేదు, మా మూడోది మాత్రం ప్రతిసారీ చూశానంటుంది.

పరీక్షలకి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది, ఇప్పుడే బుర్ర పాడు చేసుకోవద్దు. దారి మాత్రం తెలుసుకోండి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) ఉంది, మన రాష్ట్ర ఓపెన్ స్కూలూ ఉంది. 14 ఏళ్లు నిండితే పది రాయొచ్చు. జాతీయ సంస్థలో తెలుగు మాధ్యమం ఉంది, కనీసం ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. చిన్న తరగతులకి కూడా వాళ్ల దగ్గర ఎ, బి, సి అని మూడు స్థాయిలు ఉన్నాయి, మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానం. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు సులువుగా ఉన్నాయని లెక్కలు, సైన్సు వదిలేస్తే తర్వాత ఎంపీసీ, బైపీసీ దగ్గర ఇబ్బంది పడతారు. మా అమ్మాయి ఐదూ ఒకేసారి రాయకుండా రెండు విడతల్లో రాసింది.

ఇప్పటికిప్పుడు టీసీ తీసుకోకండి. దసరా సెలవులు దగ్గరికొచ్చాయి. ఆ పది రోజులు ఎవరికీ ఏమీ చెప్పకుండా పొద్దున గంట బండల మీద సుద్దముక్క, సాయంత్రం బస్టాండు, రాత్రి జపమాల పెట్టి చూడండి. బాబుకి కడుపునొప్పి ఆగిందా, మీకు ఓపిక మిగిలిందా గమనించండి. రెండిట్లో ఏది లేకపోయినా సెలవులయ్యాక వాడిని బడికి పంపి, టీచర్‌తో కూర్చుని హోంవర్క్ తగ్గించమని అడగండి, అదీ మంచి దారే. రెండూ ఉంటే, చివరి శనివారం రాత్రి జపమాల అయ్యాక మీ అత్తగారి పక్కన బాబుని కూర్చోబెట్టి పుస్తకం తెరవండి. మీరు వంటింట్లోకి వెళ్లిపోండి.